కాపలా గూడేనిది, తాళంచెవి ఎవరిది? నల్లమల, వెలిగొండల్లో ఉమ్మడి అటవీ యాజమాన్యం కథ

కొండచరియ మీద నుంచి తాడు కట్టుకొని దిగి తేనె తీసే చెంచు, ఆ తాడు పైకొసను బావమరిది చేతికిస్తాడు. పక్కన సొంత అన్నదమ్ములున్నా సరే, తాడు మాత్రం బావమరిదికే. తాడు జారితే తన అక్కో చెల్లెలో పసుపు కుంకుమలు పోగొట్టుకుంటుంది కాబట్టి అతను చచ్చినా వదలడని లెక్క. నల్లమల గూడేల్లో తరతరాలుగా చెప్పుకొనే ఈ మాటలో అడవి యాజమాన్యానికి సంబంధించిన అసలు కిటుకు ఉంది. నష్టం వస్తే ఎవరి ఇల్లు కూలుతుందో తాడు వాళ్ళ చేతిలో ఉండాలి.

మూడు దశాబ్దాలకు పైగా ప్రకాశం, నెల్లూరు జిల్లాల అడవి అంచు ఊళ్ళలో 'ప్రజల భాగస్వామ్యం' పేరుతో జరిగినదాన్ని ఈ కొలతతో చూస్తే లోపం ఎక్కడుందో త్వరగానే తెలుస్తుంది. అడవిని కాపాడే పని ఊరికి ఇచ్చారు. ఏ చెట్టు నాటాలి, ఏ చెట్టు కొట్టాలి, ఎవరిని రానివ్వాలి, వచ్చిన డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి అనే నిర్ణయాలు మాత్రం ఆఫీసులోనే ఉండిపోయాయి.

ఈ అడవుల స్వభావం కొంచెం చెప్పుకోవాలి. ఉష్ణమండల అడవి అనగానే ఏడాది పొడవునా పచ్చగా, తడిగా ఉండే అడవి కళ్ళ ముందుకొస్తుంది. ఇక్కడివి అలాంటివి కావు. ఉమ్మడి ప్రకాశం పడమటి వైపు యర్రగొండపాలెం, దోర్నాల, మార్కాపురం, అర్ధవీడు, గిద్దలూరు మీదుగా సాగే నల్లమల ఆకురాల్చే ఎండు అడవి. మాఘం దాటేసరికి చెట్లు బోడిగా నిలబడతాయి. నల్లమద్ది, చిరుమాను, ఏగిస, తునికి, వెదురు, రాతి కొండల మీద తెల్లగా మెరిసే తపసి చెట్లు ఇక్కడి సంపద. నెల్లూరు పడమటి అంచున ఉదయగిరి నుంచి రాపూరు దాకా సాగే వెలిగొండలు ఇంకా పొడి. అక్కడ ఎర్రచందనం, జాలారి, బిల్లుడు పెరుగుతాయి. కింది వాలుల్లో బలుసు, కలివి, రేగు పొదలు. ఈ నేలలో చెట్టు చాలా నిదానంగా పెరుగుతుంది. ఇవాళ కాపలా మొదలుపెట్టినవాడికి కలప ఆదాయం వచ్చేసరికి మనవడికి పెళ్ళీడు వస్తుంది. ఐదేళ్ళ ప్రాజెక్టులకూ ఈ అడవికీ మొదటి పేచీ ఇక్కడే.

పుల్లరి నాటి నుంచి

అడవి మీద సర్కారు పెత్తనం ఈ ప్రాంతానికి మరీ పాతదేమీ కాదు. నెల్లూరు జిల్లా, అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు హద్దులు గీయడం ఊపందుకుంది. నిన్నటిదాకా పశువులు తోలిన చోట ఇవాళ పుల్లరి, అంటే మేత పన్ను, కట్టమన్నారు. పొరుగునే ఉన్న పల్నాడులో ఆ పుల్లరి మీద 1921-22లో సత్యాగ్రహం జరిగింది. మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుల కాల్పుల్లో ప్రాణం వదిలాడు. ఈ వైపు జనానికి అటవీ శాఖ మీద ఉన్న అపనమ్మకం ఒక్క తరంలో పుట్టింది కాదని గుర్తుపెట్టుకుంటే చాలా సంగతులు అర్థమవుతాయి.

యానాదుల అనుభవం వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో, అప్పటి నెల్లూరు జిల్లాకు చెందిన శ్రీహరికోట దీవిలో యానాదులు తేనె, మైనం, ఎర్ర రంగు తీసే చిరివేరు సేకరించి సర్కారుకు ఇస్తే, బదులుగా వాళ్ళకు బియ్యం ముట్టేవి. అడవి తెలిసినవాళ్ళు వాళ్ళే, ఏరేవాళ్ళూ వాళ్ళే. అయినా వాళ్ళకు దక్కింది తిండిగింజలే, హక్కు కాదు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక యానాది కుటుంబాలు అక్కడి నుంచి కదలాల్సి వచ్చింది. తరాల తరబడి ఉన్నామని చెప్పుకోవడానికి వాళ్ళ దగ్గర కాగితం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేం. పెంచలకోనలో వెలసిన పెనుశిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడని స్థలపురాణం. ఏటా కల్యాణం చేసి, పిల్లనిచ్చిన వారిగా చెంచుల్ని తలుచుకుంటాం. కొండ మీది దేవుడికి అత్తింటివారైన జాతికి, ఆ కొండ మీద హక్కు ఉందని రుజువు చేసుకొమ్మని మళ్ళీ మనమే అడుగుతాం.

సమితి పుట్టింది, ఖాతా తెరిచింది

1988 జాతీయ అటవీ విధానం మొదటిసారి అడవి అంచు ప్రజల అవసరాలకు పెద్దపీట వేసింది. 1990 జూన్ 1న కేంద్రం ఇచ్చిన సర్క్యులర్‌తో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది. రెండేళ్ళకు ఆంధ్రప్రదేశ్ వన సంరక్షణ సమితుల ఉత్తర్వు తెచ్చింది. వీఎస్‌ఎస్ అన్న పేరు ఊళ్ళలో ఇప్పటికీ నలుగురి నోట్లో నానుతూనే ఉంది. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది. 2002లో మరో విడత అప్పుతో పథకం పేరు సాముదాయిక అటవీ యాజమాన్యంగా మారింది. ఉమ్మడి రాష్ట్రంలో సమితుల సంఖ్య ఎనిమిది వేలు దాటింది. దేశంలో అప్పట్లో అందరూ చూపించిన నమూనా ఇదే.

కాగితం మీద నియమాలు బాగానే ఉన్నాయి. ఇంటికి ఒక ఆడ, ఒక మగ సభ్యత్వం. పాలకవర్గంలో మహిళలకు చోటు. అడవి బాగుపడితే కలప, వెదురు ఆదాయంలో సమితికి వాటా. పని మొదలయ్యాక ఏం జరిగిందో చూస్తే, సమితి ఖాతా అధ్యక్షుడి సంతకంతో పాటు అటవీ శాఖ ఉద్యోగి సంతకం కూడా ఉంటేనే కదిలేది. సూక్ష్మ ప్రణాళిక అనే కాగితం ఊరివాళ్ళు కూర్చొని రాసుకోవాల్సింది. చాలాచోట్ల అది పక్క ఊరి ప్రణాళికకు నకలులా వచ్చేది. కందకాలు తవ్వడం, వాగులకు అడ్డంగా రాతి కట్టలు పేర్చడం, నర్సరీలో సంచులు నింపడం, మొక్కలు నాటడం: ఊరికి దక్కింది ఈ కూలి పనే. కరువు ఏడాదిలో ఆ కూలీ చిన్నదేమీ కాదు. పడమటి ప్రకాశంలో వలస తప్పిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అయితే జనం సమితిని అడవి సంఘంగా కాకుండా పనుల కాంట్రాక్టుగా చూడటం అలవాటైంది. అప్పు గడువు తీరి డబ్బు ఆగిపోయాక సమావేశాలూ ఆగిపోయాయి. రిజిస్టర్లు, రబ్బరు స్టాంపులు అధ్యక్షుడి ఇంట్లో అటక ఎక్కాయి.

ఏ మొక్క నాటాలన్న విషయంలోనూ ఇంతే. ఊళ్ళో ఆడవాళ్ళను అడిగి ఉంటే చింత, ఉసిరి, కుంకుడు, విస్తళ్ళకు పనికొచ్చే మోదుగ, పశువులకు రొట్టగా పనికొచ్చే చెట్లు అనేవారు. నాటింది ఎక్కువ చోట్ల జామాయిల్. తొందరగా పెరుగుతుంది, మేకలు ముట్టవు, లెక్క చూపించడం తేలిక. పేపరు మిల్లులకు పుల్ల అమ్మడమంటే ఏమిటో ప్రకాశం రైతుకు తెలియంది కాదు. సుబాబుల్, జామాయిల్, సరుగుడు ధర పడిపోయినప్పుడల్లా రోడ్డెక్కిన జిల్లా ఇది. ఆ ఒడుదొడుకుల్నే తీసుకెళ్ళి అడవి అంచున నాటినట్టయింది. జామాయిల్ తోటలో గడ్డి పలచబడుతుంది, తేనెతుట్టెలకు పనికొచ్చే కొమ్మలుండవు, ఏరుకోవడానికి కాయ ఉండదు.

'ఊరు' అంటే ఎవరు?

ప్రజల యాజమాన్యం గురించి మాట్లాడేవాళ్ళు ఊరిని ఒక్క మనిషిలా ఊహించుకుంటారు. యర్రగొండపాలెం, దోర్నాల వైపు ఒకే పంచాయతీలో చెంచు గూడెం, సుగాలి తండా, గొల్లల మందలు, కింద మెట్ట భూములున్న రైతులు, పొయ్యికట్టెలకు అడవి మీద ఆధారపడ్డ దళితవాడ అన్నీ ఉంటాయి. అడవి నుంచి వీళ్ళకు కావలసింది ఒకటి కాదు. చెంచుకు తేనె, గడ్డలు, జిగురు. సుగాలికి సాగు చేసుకునే చెలక. గొల్లకు మేత. రైతుకు తన బోరు ఎండకుండా కొండ మీద నీరు ఆగాలి, అడవి పందులు తన శనగ చేను మీద పడకూడదు.

వీళ్ళలో ఎక్కువ దెబ్బ తిన్నది గొర్రెల కాపరులు. నెల్లూరు జాతి గొర్రె పేరు దేశమంతా తెలుసు. తెల్లటి ఒంటికి మూతి మీద, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుండే జోడిపి, ఒళ్ళంతా గోధుమ రంగుండే బ్రౌన్, పూర్తి తెల్లటి పల్లా. ఆ మందలు ఎండాకాలం కింద మేత అయిపోగానే నల్లమల, వెలిగొండల దారి పడతాయి. మొక్కలు నాటిన బ్లాకును సమితి మూసేసిందంటే మొదట ఆగేది ఆ దారే. గొల్ల కుటుంబం ఆ ఊరిది కాకపోతే సమితిలో సభ్యత్వం లేదు. ఆ ఊరిదే అయినా, తీర్మానం చేసే నెలల్లో మందతో పాటు కొండ మీద ఉంటారు. అలా కట్టిన కంచె రాత్రికి రాత్రి తెగుతుంది. దానికి 'జనానికి చైతన్యం లేదు' అని రిపోర్టులో రాసుకుంటారు. పుల్లరి రోజుల్లో కనీసం డబ్బు కడితే మంద లోపలికి వెళ్ళేది. కొత్త పద్ధతిలో ఆ దారీ లేకపోయింది.

చెంచులది ఇంకో ఇబ్బంది. వాళ్ళు పెద్ద సభల్లో గొంతెత్తి మాట్లాడే జనం కాదు. గూడెంలో పెద్దమనిషి చుట్టూ నలుగురు కూర్చొని తేల్చుకునే పద్ధతి వాళ్ళది. పంచాయతీ సెంటర్లో మైకు పెట్టి జరిపే గ్రామసభలో చెంచుల మాట మెజారిటీలో కలిసిపోతుంది. పైగా ప్రకాశం నల్లమలలోని చెంచు గూడేలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతంలో లేవు. అంటే పంచాయతీల విస్తరణ చట్టం, జనం నోట్లో పీసా అనేది, వాళ్ళకు వర్తించదు. కృష్ణ దాటి అవతల అమ్రాబాద్ వైపు చెంచులకు షెడ్యూలు ప్రాంతపు రక్షణ ఉంది, ఇవతల వైపు వాళ్ళకు లేదు. ఒకే జాతి, ఒకే అడవి, మధ్యలో నది ఒక్కటే అడ్డం.

ముందు కోసినవాడిదే కాయ

ఊరి చేతికి నిజమైన హక్కు లేకపోతే అడవి ఎలా పాడవుతుందో చూడాలంటే ఉసిరికాయ దగ్గర చూడాలి. ఉసిరి ముదిరాక కోస్తే బరువు తూగుతుంది, ధర కూడా బాగుంటుంది. కానీ అందరికీ తెరిచి ఉన్న అడవిలో ఇవాళ వదిలేసిన చెట్టును రేపు ఇంకొకడు దులుపుతాడు. అందుకని లేతకాయనే కోస్తారు. తొందరలో కొమ్మలే నరుకుతారు. మరుసటి ఏడు ఆ చెట్టు కాయదు. ఇందులో ఎవరి దురాశా లేదు. ఎదుటివాడు ఆగుతాడన్న నమ్మకం లేకపోవడమే కారణం. ఉమ్మడి వనరుల్ని జనం తమ కట్టుబాట్లతో తామే కాపాడుకోగలరని చూపించి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ తేల్చిన షరతులు కూడా ఈ దారిలోవే. హద్దు స్పష్టంగా ఉండాలి, నియమం వాడుకునేవాళ్ళే పెట్టుకోవాలి, తప్పు చేస్తే చిన్నదైనా దండుగ పడాలి, పై ప్రభుత్వం ఆ నియమాన్ని గౌరవించాలి. మన సమితుల్లో మొదటిది పటం మీద ఉంది. చివరిది ఎప్పుడూ లేదు.

తపసి జిగురు కథ మరీ గట్టి పాఠం. ఆ జిగురుకు విదేశాల్లో గిరాకీ ఉంది. మందుల్లో, తినే సరుకుల్లో వాడతారు. మంచి ధర వస్తుందని గొడ్డలితో లోతుగా, పెద్ద పెద్ద గాట్లు పెట్టడంతో చాలా చెట్లు ఎండిపోయాయి. తర్వాత గిరిజన సహకార సంస్థ, స్వచ్ఛంద సంస్థలు కలిసి పద్ధతి నేర్పించాయి. గాటు చిన్నదిగా పెట్టాలి, పైపైన బెరడు వరకే చెక్కాలి, చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి, కారిన జిగురును బెరడు ముక్కలు కలవకుండా శుభ్రంగా తీయాలి. శుభ్రమైన జిగురుకు వేరే ధర ఇచ్చారు. నేర్పినదాన్ని చెంచులు చక్కగా అందిపుచ్చుకున్నారు. కాబట్టి గిరిజనులకు శాస్త్రీయ పద్ధతులు తెలియవన్న పాత వాదన నిలబడదు. సరుకుకు సరైన ధర, చెట్టు రేపటికీ తనదేనన్న భరోసా రెండూ ఉంటే పద్ధతి దానంతట అదే వస్తుంది.

ధర విషయానికి వస్తే, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది. చిల్లగింజలు, కుంకుళ్ళు, చింతపండు, తేనె కొనే డిపో దగ్గర్లో ఉంటే దళారి కొంచెం వెనక్కి తగ్గుతాడు. డిపో దూరమైనా, డబ్బు ఆలస్యమైనా చెంచు మళ్ళీ షావుకారి అడ్వాన్సుకే వెళ్తాడు. ఇంట్లో జబ్బుకు ఇవాళ కావలసిన ఐదొందలు నెల తర్వాత వచ్చే వెయ్యి కంటే ఎక్కువ. గిరిజనుల అడవి సరుకుకు మంచి ధర తేవడానికి పెట్టే ఏ వన్ ధన్ కేంద్రం పథకమైనా ఈ లెక్క దగ్గరే నెగ్గుతుంది, ఓడుతుంది.

అడవిలో అన్నిటికంటే ఖరీదైన సరుకు మాత్రం ఈ లెక్కలోకే రాదు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. ప్రధానంగా కడప, చిత్తూరు, తిరుపతి, నెల్లూరు వైపు, కొంత ప్రకాశం, కర్నూలు వైపు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. పట్టుబడ్డ దుంగల్ని ప్రభుత్వం వేలం వేస్తే కోట్లలో వస్తుంది. అది కలప కాబట్టి చిన్న తరహా అటవీ ఉత్పత్తుల కిందకు రాదు. కొండ కింద ఊరికి అందులో పైసా లేదు. పట్టా భూముల్లో ఎర్రచందనం పెంచిన రైతులకు జీవవైవిధ్య చట్టం కింద వాటా చెల్లించడం ఈమధ్య మొదలైంది, అది మంచిదే. కానీ అడవిలో ఆ చెట్టు చుట్టూ బతికే యానాది కుటుంబానికి ఆ చెట్టు వల్ల వచ్చేది రెండే: దారి చూపిస్తే స్మగ్లర్ చేతిలో పెట్టే నోట్లు, చూపించకపోయినా పోలీసుల అనుమానం. నరికే కూలీలు ఎక్కువగా తమిళనాడు కొండల నుంచి వస్తారు. 2015 ఏప్రిల్‌లో శేషాచలం కాల్పుల్లో 20 మంది చనిపోయినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. ఈ పోరులో ప్రభుత్వం టాస్క్‌ఫోర్స్ పెట్టింది, చట్టానికి పదును పెట్టింది. ఊరిని తన వైపు తిప్పుకొనే దారి, అంటే నిలబడ్డ చెట్టు మీద ఊరికి ఏటా ఎంతో కొంత ఆదాయం, దాన్ని మాత్రం ప్రయత్నించి చూడలేదు.

గ్వాటెమాల దేశంలో పెటెన్ అనే అడవి ప్రాంతం ఉంది. 1990ల్లో అక్కడి ఊళ్ళ సంఘాలకు 25 ఏళ్ళ ఒప్పందంతో అడవిని అప్పగించారు. మహాగని కలపను లెక్క ప్రకారం కొట్టి అమ్ముకోవచ్చు, పూలగుత్తుల్లో వాడే ఆకుల్ని కోసుకోవచ్చు. నిప్పు పెట్టడం, పశువుల కోసం అడవి నరకడం ఆ సంఘాల చేతిలోని భాగాల్లో చాలా తక్కువగా ఉందని ఏళ్ళ తరబడి చేసిన పరిశీలనల్లో తేలింది. అక్కడి వానకూ ఇక్కడి వానకూ పోలిక లేదు, ఆ కలప పెరిగినట్టు మన కలప పెరగదు. అయినా గమనించాల్సింది ఆ 25 ఏళ్ళ గడువు. మన సమితికి ఇచ్చిన ఉత్తర్వును ఎప్పుడైనా ఇంకో ఉత్తర్వుతో మార్చవచ్చు.

పులి, పట్టా

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఈ బలహీనతను సరిచేయడానికి పుట్టింది. ఈ చట్టం కింద వచ్చేదాన్ని ఊళ్ళలో ఆర్‌వోఎఫ్‌ఆర్ పట్టా అంటారు. ఆ పట్టా అంటే చాలామందికి తెలిసింది ఒకటే, సాగు భూమికి ఇచ్చే పట్టా. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే కుటుంబానికి గరిష్ఠంగా నాలుగు హెక్టార్లు. ఎన్నికలప్పుడు పంచేదీ, ఫొటోలు దిగేదీ ఈ పట్టాలే. చట్టంలో అంతకంటే బలమైన హక్కు ఇంకొకటుంది. అది సామూహిక అటవీ వనరుల హక్కు. తరతరాలుగా వాడుకుంటున్న అడవి హద్దు లోపల కాపాడే, పెంచే, నిర్వహించే అధికారం నేరుగా గ్రామసభకు చెందుతుంది. వెదురు, తునికాకు, తేనె లాంటి ఉత్పత్తుల మీద యాజమాన్యమూ గ్రామసభదే. గ్రామసభ అంటే చట్టం ప్రకారం పంచాయతీ మొత్తం కానక్కర్లేదు, గూడెం కూడా తన సభ పెట్టుకోవచ్చు. పైన చెప్పుకున్న మైకు సమస్యకు మందు ఇందులోనే ఉంది.

ఉమ్మడి రాష్ట్రంలో దీని అమలు వింతగా జరిగింది. చాలాచోట్ల సామూహిక పట్టాలు గ్రామసభ పేరు మీద కాకుండా వన సంరక్షణ సమితుల పేరు మీద రాశారు. అటవీ శాఖ పెట్టిన, అటవీ శాఖ సంతకంతో నడిచే సంఘానికే హక్కు పత్రం ఇచ్చారన్నమాట. కేంద్ర గిరిజన సంక్షేమ శాఖ దీన్ని తప్పుపట్టింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు పల్లె 2009లో తన గ్రామసభ పేరు మీద ఈ హక్కు తెచ్చుకొని, 2011 నుంచి తన వెదురును తానే అమ్ముకుంది. పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి రావడానికి కేంద్రమంత్రి స్వయంగా ఆ ఊరికి రావాల్సి వచ్చింది. హక్కు పత్రానికీ రవాణా పర్మిట్‌కూ మధ్య ఎంత దూరం ఉందో అక్కడ తెలిసింది.

ప్రకాశం వైపు ఈ కథకు పులి అనే ఇంకో మలుపుంది. నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. రాష్ట్ర విభజన తర్వాత కూడా 3,700 చదరపు కిలోమీటర్లకు పైగా ఆంధ్రలో మిగిలింది. 2022 అఖిల భారత గణన ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులున్నాయని అంచనా వేసింది. ఆ పులుల్ని రోజూ వెంబడించి అడుగుజాడలు చూసేది, బేస్‌క్యాంపుల్లో ఉండి నిప్పు రాకుండా కాచేది, కెమెరాలు కట్టేది ఎక్కువగా చెంచు యువకులే. దోర్నాల శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద రాత్రిపూట బండ్లు ఆపేసిన తర్వాత ఆ అడవిలో తిరిగే మనుషులు వాళ్ళే. అటవీ శాఖ వాళ్ళ తెలివిని నమ్ముతుంది, జీతమిస్తుంది. అదే మనిషి తన గూడెం అడవి హద్దు ఇదీ అని దరఖాస్తు పెడితే అభయారణ్యం లోపల ఎలా కుదురుతుందని అడుగుతుంది.

చట్టం కుదురుతుందనే అంటోంది. అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా దాని పరిధిలోనివే. కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో సోలిగలకు 2011లో పులుల అభయారణ్యం లోపలే సామూహిక హక్కులు దక్కాయి. 2017లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ కీలక పులి ఆవాసాల్లో హక్కులివ్వడం ఆపమని లేఖ రాసి, మరుసటి ఏడు దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది పాటు ఆగిపోయిన దరఖాస్తులు లేఖ పోయాక కూడా బల్ల మీదే ఉండిపోతే ఆశ్చర్యపడక్కర్లేదు. ఆఫీసులో పని ఆపడానికి కాగితం ఒకటి చాలు. మళ్ళీ మొదలుపెట్టించడానికి మనిషి వెంటపడాలి.

దానికి బదులు గూడేల ముందు ఉంచే మాట తరలింపు. స్వచ్ఛందంగా బయటికొస్తే కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెంచారు. పాలుట్ల లాంటి లోతట్టు గూడేల్లో రోడ్డు, కరెంటు, ఆసుపత్రి లేని బతుకులో బిడ్డ కాన్పుకు భయపడే తల్లికి ఆ మాట చెవికెక్కుతుంది. దాన్ని తప్పనలేం. కానీ హక్కు తేలకముందే బయటికి తెస్తే, తిరిగి అడగడానికి ఏమీ మిగలదు. ముందు హక్కు తేల్చాలి, తర్వాతే తరలింపు గురించి అడగాలని చట్టంలో వరస రాసి ఉంది. ఆ వరస తప్పకూడదు.

ఇదే నల్లమల కింద, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులకు ఆనకట్టలు కట్టి వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు నిలపడానికి సర్కారు 1996లో శంకుస్థాపన చేసింది. అడవిని తొలుచుకుంటూ 18 కిలోమీటర్లకు పైగా సొరంగాలు వేశారు. ఫ్లోరైడు నీళ్ళు తాగే పడమటి ప్రకాశానికి ఆ నీళ్ళు అవసరం, దాని మీద వాదన లేదు. కానీ ఊరు పుల్ల కొడితే కేసు, ప్రాజెక్టుకు అడవి ఇవ్వాలంటే పరిహార వనీకరణ నిధి అనే తేడా గూడేల వాళ్ళు చూడకుండా లేరు. ఆ నిధితో మళ్ళీ నాటే మొక్కలు ఏవో, ఎక్కడో, ఎవరిని అడిగి నాటుతారో గమనిస్తే జామాయిల్ కథ మళ్ళీ మొదటికొస్తుంది.

పటం గీయడం

సామూహిక హక్కుకు దరఖాస్తు చేయడానికి 2012 సవరణతో వచ్చిన ఫారం సీ చూడటానికి చిన్నదే. దానికి జోడించాల్సిన పటమే పెద్ద పని. గ్రామసభ కూర్చుంటుంది. సభకు వయోజనుల్లో సగం మంది రావాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటారు. తర్వాత గూడెం పెద్దలు, పక్క గూడెం పెద్దలు, అటవీ శాఖ, రెవెన్యూ శాఖ మనుషులు కలిసి హద్దు నడవాలి. ఏ వాగు దాకా మనది, ఏ గుట్ట దగ్గర పక్కవాళ్ళది మొదలవుతుంది, ఏ కోనలో తేనెరాళ్ళు ఎవరివి, ఎండల్లో నీళ్ళు నిలిచే మడుగు ఎవరు వాడుకోవాలి. ఆ హద్దులకు బీట్ నంబర్లు, కంపార్ట్‌మెంట్ నంబర్లు ఉండవు, పేర్లుంటాయి. ఫలానా పెద్ద తేనె తీస్తూ జారిపడ్డ బండ, ఫలానా ఏడు కరువులో గూడెం మొత్తం దిగి బతికిన కోన. పటం మీద ఎక్కాల్సినవి ఇవే.

ఈ నడకకు సిద్ధమైన గూడేలు ప్రకాశం నల్లమలలో ఉన్నాయి. వెలిగొండల కింద యానాది కాలనీల్లో చాలావరకు అసలు ఇలాంటి ఫారం ఉందన్న సంగతే చేరలేదు. సాగు పట్టా అడిగి తిరస్కారం తెచ్చుకున్నవాళ్ళకు రెండో హక్కు ఒకటుందని చెప్పినవాళ్ళు తక్కువ. నెల్లూరులో యానాదుల కోసం, శ్రీశైలంలో చెంచుల కోసం ప్రత్యేకంగా ఐటీడీఏలు, అంటే గిరిజనుల అభివృద్ధికి ప్రభుత్వం పెట్టిన సంస్థలు, ఉన్నాయి. దరఖాస్తు నింపించడం, సర్వేయర్‌ను పంపడం వాటి చేతిలో పని. కొత్త చట్టం అక్కర్లేదు, ప్రపంచ బ్యాంకు అప్పు అసలే అక్కర్లేదు.

ఆ బండల పేర్లు, కోనల పేర్లు వరసగా చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా అరవై దాటినవాళ్ళు. వాళ్ళ కొడుకుల్లో కొందరు బేస్‌క్యాంపుల్లో ఉన్నారు, కొందరు మిర్చి కోతలకు వలస పోతున్నారు. హద్దు నడవాలంటే వానలు తగ్గి, గడ్డి ఎండకముందు, కార్తీకం నుంచి పుష్యం దాకా మంచి కాలం. సర్వేయర్‌ను ఆ నెలల్లో పంపితే ముసలివాళ్ళు కూడా కొండెక్కగలరు.